టర్కీ తువ్వాలుకి మునెమ్మ పెట్టిన పసుపు

అది 1998. హోసూరులో బాగలూరు రోడ్డు మీద మా ఆయన బట్టల కొట్టు, దాని మేడ మీద నా ఎంబ్రాయిడరీ షాపు. షాపు అనగానే పెద్దగా ఊహించుకోకండి. ఒక పొడుగాటి గది, రెండు మగ్గాలు, గోడవారగా దారాల బీరువా, కిటికీ పక్కన నేను. మగ్గం అంటే నేతమగ్గం కాదు. నాలుగు కట్టెల చట్రానికి బట్టను బిగించి, చుట్టూ కూర్చుని కుట్టే ఫ్రేమ్. పెళ్ళి జాకెట్లు, పట్టుచీరల అంచులు, దేవుడి వస్త్రాలు మా పని. క్రిష్ణగిరి నుంచీ బర్గూరు నుంచీ కూడా వచ్చి ఇచ్చిపోయేవాళ్ళు. నా నోరు కాస్త పెద్దదని వాళ్ళందరికీ తెలుసు. పని బాగుంటుందని కూడా తెలుసు కాబట్టి భరించేవాళ్ళు.

మా వృత్తిలో ప్రతి బట్టకీ రెండు మొహాలుంటాయి. పైకి కనపడేది రైట్ సైడ్, ఒంటికి తగిలేది రాంగ్ సైడ్. రైట్ సైడ్ చూసి మీరు ఆహా అంటారు. రాంగ్ సైడ్ తిప్పి చూస్తే ముళ్ళు, తోకలు, ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకి అడ్డంగా దూకిన దారాలు. దానికి లైనింగ్ వేసి మూసేస్తాం, ఎవరూ అడగరు. పైన పటారం, లోన లొటారం అన్న సామెత మాలాంటివాళ్ళను చూసే పుట్టి ఉంటుంది.

ఆ ఏడాది చలి తగ్గే రోజుల్లో ఒక విదేశీ ఆవిడ మెట్లెక్కి వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. పేరు నెర్మిన్. ఊరి బయట ఫ్యాక్టరీలో కొత్త మిషన్లు బిగించడానికి టర్కీ నుంచి వచ్చిన ఇంజనీరు భార్య. మా ఊళ్ళోనే ఇల్లు అద్దెకు తీసుకుని ఉంటున్నారట. నేను తెలుగు, తమిళం, కన్నడం మూడింట్లోనూ బేరమాడగలను కానీ ఇంగ్లీషు దగ్గరికొచ్చేసరికి నీళ్ళు నములుతాను. అదృష్టంకొద్దీ ఆవిడ ఇంగ్లీషు కూడా నాలాంటిదే. ఇద్దరం మెల్లగా, చిన్న చిన్న మాటలతో మాట్లాడుకున్నాం కాబట్టి బాగా కుదిరింది.

"టర్కీ తువ్వాలు తెచ్చాను. సగం కుట్టి ఉంది. మిగతా సగం మీరు కుట్టగలరా?" అంది.

టర్కీ టవల్ అంటే మీకేం గుర్తొస్తుందో నాకూ అదే గుర్తొచ్చింది, స్నానానికి వాడే ముతక బొచ్చు తువ్వాలు. దాని మీద ఏం కుడతారమ్మా అనుకున్నాను. ఆవిడ సంచిలోంచి తీసి పరిచింది చూసి నోరు మూసుకున్నాను. సన్నటి లినెన్, అంటే నార బట్ట. మీగడ రంగు, ఒత్తుగా కాక గాలాడే నేత. ఒక కొసన వరసగా పూలు. మూడు మొనల మొగ్గలాంటి పువ్వొకటి, అంచులు చీల్చినట్టున్న ఎర్ర పువ్వొకటి, వాటిని చుట్టుకుంటూ వంపు తిరిగిన ఆకులు. వెలిసిన ఎరుపు, నీరు కలిపినట్టున్న నీలం, ఆకుపచ్చ, అక్కడక్కడా మసకబారిన బంగారు జరీ. రెండో కొసన ఏమీ లేదు, ఖాళీ బట్ట.

అలవాటుగా వెనక్కి తిప్పాను. మళ్ళీ తిప్పాను. మూడోసారి తిప్పి ఆవిడ మొహం చూశాను.

"దీనికి రాంగ్ సైడ్ ఏదండీ?"

ఆవిడ నవ్వింది. "లేదు. ఇంటికొచ్చిన వాళ్ళకి చేతులు కడుక్కోవడానికి నీళ్ళు పోసి, తుడుచుకోవడానికి ఈ తువ్వాలు అందిస్తారు. వాళ్ళు ఏ వైపు పట్టుకుంటారో మనకేం తెలుసు?"

ఇదంతా ఒట్టోమన్ సుల్తానుల నాటి పద్ధతి అని చెప్పింది. సుల్తాను దర్బారు కోసం కుట్టే పనివాళ్ళు వేరే. ఇది మాత్రం ఇళ్ళలో ఆడవాళ్ళు చేసిన పని. తువ్వాళ్ళు, దిండ్ల గలీబులు, బట్టలు చుట్టిపెట్టే గుడ్డలు, నడుముకి కట్టుకునే పటకాలు, అన్నిటి మీదా పూలే. ఆ మూడు మొనల పువ్వు ట్యులిప్, చీలిన అంచులది కార్నేషన్. బట్ట మీద గీత గీయరు. నేతలో పోగులు లెక్కపెట్టుకుంటూ పువ్వు కడతారు. అమ్మాయి పుట్టినప్పటి నుంచీ ఇంట్లో పెట్టెలో ఇవి పోగవుతూ ఉంటాయట, పెళ్ళికి ఇవ్వడానికి.

"ఇది మా అమ్మ కుట్టింది. నా పెళ్ళికని మొదలుపెట్టింది, పూర్తికాలేదు. నా కూతురి పెళ్ళికి పూర్తిచేస్తానంది. చూపు తగ్గింది. పోయిన సంవత్సరం అమ్మే పోయింది" అంది నెర్మిన్. "ఎండాకాలంలో నా కూతురి పెళ్ళి. నాకు సూది పట్టడం రాదు. అమ్మ నేర్పుతానంటే నేనే పారిపోయేదాన్ని."

కాసేపు ఖాళీ కొసను అరచేత్తో నిమిరింది. "అమ్మ కుట్టినట్టే ఉండాలి. తేడా తెలియకూడదు. పెళ్ళిలో అందరూ పట్టుకుని చూస్తారు. పరాయి చెయ్యి పడిందని ఎవరికీ అనిపించకూడదు. చెడిపోతే మాత్రం నాకు ఇంకో అమ్మ లేదు."

ఆ చివరి మాట అన్నాక ఏ పనివాడైనా వద్దనే చెప్పాలి. నేను సరే అన్నాను. నిజం చెప్పాలంటే ఆ పని మీద నాకు ఆశ పుట్టింది.

మా దగ్గర పనిచేసే నలుగురిలో దీనికి పనికొచ్చేది మునెమ్మ ఒక్కతే. అత్తిముగం నుంచి రోజూ బస్సులో వచ్చేది. వాళ్ళది గొర్రెలు కాసే కుటుంబం. మా దగ్గర చేరకముందు తను ఇంట్లో కంబళి పట్టీలు జత చేసి కుట్టేది. కంబళికి వెనకా ముందూ ఉండదు, చలి ఎటు నుంచి కొడితే అటు కప్పుకుంటారు. అందుకని జత కుట్టు కూడా రెండు పక్కలా ఒకటే తీరుగా ఉండాలి. ఆ చేతివాటం ఆమెకుంది. నోరు మాత్రం నాకంటే తక్కువేం కాదు.

తువ్వాలు చూసి, "ఈ ఎర్రపువ్వు నాకు తెలుసక్కా. మా చెల్లెలు పనిచేసే గ్రీన్‌హౌసులో ఉండాది. ఈ మూడు కొనలదే యాడా చూళ్ళేదు" అంది. మర్నాడు చెల్లెలి దగ్గర్నుంచి కాడ విరిగిన కార్నేషన్ ఒకటి తెచ్చి, రేకలు విడదీసి, కుట్టు పక్కన పెట్టుకుని చూసుకుంది. ట్యులిప్ మాత్రం ఆమెకూ తెలీదు, నాకూ తెలీదు. నెర్మిన్ వాళ్ళమ్మ చేతిని నమ్ముకుని చేశాం.

దారం దగ్గర మొదటి చిక్కు వచ్చింది. బెంగుళూరు చిక్కపేటలో కొన్న కొత్త సిల్కు పక్కన పెడితే, తాతగారి పక్కన కొత్త పెళ్ళికొడుకులా తళతళలాడింది. లచ్చిల్ని టీ నీళ్ళలో ముంచాం, మేడ మీద దండేనికి కట్టి ఎండబెట్టాం, రోజూ పాత కొస పక్కన పెట్టి చూసుకున్నాం. ఎరుపు తొందరగా దారికొచ్చింది కానీ నీలం మొండికేసింది. జరీకి మా అత్తగారి పాత పట్టుచీర చినిగిన కొంగులోంచి పోగులు లాగాం. నాకు కూడా సరదా పుట్టి, షాపులో మిగతా పనులు పక్కన పెట్టి మరీ దాని వెంట పడ్డాను.

రెండో చిక్కు ముడి. మా పనిలో ఏ కుట్టైనా ముడితోనే మొదలవుతుంది. దీనికి ముడి ఉండకూడదు. దారం కొసను ముందు వేసిన కుట్ల కిందికే దూర్చి దాచాలి. పోయేటప్పుడు ఒకటి విడిచి ఒకటి కుట్టుకుంటూ పోయి, వచ్చేటప్పుడు విడిచిన చోట్లు పూడ్చుకుంటూ రావాలి. దీన్ని డబుల్ రన్నింగ్ స్టిచ్ అంటారు. మునెమ్మ మొదట్లో తెలియకుండానే ముడి వేసేసేది, నేను అరిచేదాన్ని, ఆమె గొణుక్కుంటూ విప్పేది. పదిరోజులు పోయాక అరవాల్సిన పని లేకుండా పోయింది. నెర్మిన్ మధ్యలో రెండు మూడుసార్లు వచ్చి చూసింది.  మునెమ్మ పక్కన స్టూలు మీద కూర్చుని సూది ఎటు పోతోందో చూస్తూ ఉండేది.

పని ముగిసింది. సోమవారం నెర్మిన్ వచ్చి తీసుకుపోవాలి. శుక్రవారం నేను మా పుట్టింటి వాళ్ళ ఫంక్షన్‌కని క్రిష్ణగిరి పోయాను. ఫ్రేమ్ నుంచి విప్పి, మడతపెట్టి, బీరువాలో పెట్టమని మునెమ్మకి చెప్పాను. శనివారం పొద్దున వచ్చి బీరువా తెరిచాను. తువ్వాలు మడత మీద ఉంది. కొత్తగా కుట్టిన కొసన, రెండు మూలలా, వేలి కొనంత పసుపు.

 కుడితిలో పడ్డ ఎలుకలాగ గదిలో ఒకటే తిరిగాను.

"మునెమ్మా! ఏందే ఇది?"

"పసుపక్కా."

"పసుపని నాకు తెలీదా? ఎవరు పెట్టమన్నారు నిన్ను?"

ఆమెకి నా ప్రశ్నే అర్థం కాలేదు. "ఒకరు చెప్పాలా అక్కా? పెండ్లికూతురికి పొయ్యే బట్ట. పసుపు పెట్టకుండా కొత్తబట్ట ఎవరన్నా ఇస్తారా? నువ్వు ఇస్తావా?"

"వాళ్ళ దేశంలో ఈ పద్ధతి లేదే తల్లీ!"

"వాళ్ళకి లేకుంటే పోనీ. కుట్టినది నేను కదా. నా చేత్తో కుట్టింది పసుపు లేకుండా ఎట్ల పంపేది? రేపు ఆ బిడ్డకి ఏమన్నా అయితే?"

 ఇదే పని మా ఇంట్లో నేను వెయ్యిసార్లు చేశాను. పండక్కి పిల్లలకి గౌను కొంటే మూలన పసుపు పెట్టకుండా తొడగను. కానీ ఇది వాళ్ళమ్మ తువ్వాలు. ఇంకో అమ్మ లేదని ఆవిడ చెప్పింది.

"ఆ పక్క కొసకి కూడా పూసినావా?" అన్నాను.

"దానికెందుకక్కా? అది పాతది. పాతదానికి ఎవరన్నా పసుపు పెడతారా?"

బట్ట ఒక్కటే. కానీ మునెమ్మ లెక్కలో వాళ్ళమ్మ కుట్టిన సగం పాతబట్ట, తను కుట్టిన సగం కొత్తబట్ట. ఆ లెక్కే పాత పూలను కాపాడింది.

ఇంకో అమ్మాయి సాయం చేయబోయి సబ్బు తీసుకుని పరుగెత్తుకొచ్చింది. గట్టిగా కేకేసి ఆపాను. పసుపు మీద సబ్బు పడితే కుంకుమ రంగుకి తిరుగుతుంది. పుండు మీద కారం చల్లినట్టే. పసుపుకి ఒక్కటే మందు, ఎండ. కానీ అదే ఎండ పక్కనున్న సిల్కు రంగుల్ని కూడా తినేస్తుంది. మామూలు జాకెట్టయితే దండెం మీద పడేసేదాన్ని. ఇక్కడ నల్ల కాగితం కత్తిరించి, మచ్చలున్న చోట మాత్రం చిల్లులు చేసి, మిగతా తువ్వాలంతా కప్పాను. పొడి పసుపు మెత్తటి బ్రష్‌తో దులిపి, మచ్చల మీద ఉత్తి నీళ్ళు అద్ది, మేడ మీద పలక మీద పరిచాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుందని విసుక్కుంటూనే ఉన్నాను.  మునెమ్మ కాకులు వాలకుండా, కాగితం ఎగరకుండా తువ్వాలు పక్కనే కూర్చుంది, కొంగు తలమీద వేసుకుని. ఆరినప్పుడల్లా మళ్ళీ నీళ్ళు అద్దింది. శనివారం సాయంత్రానికి సగం పోయింది. ఆదివారం కూడా బస్సెక్కి వచ్చింది, నేను రమ్మనకపోయినా. ఆ మధ్యాహ్నానికి మచ్చలు ఎక్కడుండేవో నాకే తెలియకుండా పోయింది. నేను ఇంత పొడుగు ఊపిరి వదిలాను. మునెమ్మ మొహంలో మాత్రం సంతోషం కనపడలేదు.

సోమవారం నెర్మిన్ వచ్చింది. పసుపు సంగతి చెప్పకూడదని ముందే అనుకున్నాను. పోయిన మచ్చ గురించి చెప్పుకోవడం ఎందుకు? తువ్వాలు బల్ల మీద పరిచి, మెచ్చుకోలు కోసం కాస్త దూరంగా నిలబడ్డాను.

ఆవిడ ఒక కొస చూసింది. ఇంకో కొస చూసింది. తిప్పింది. పొడుగ్గా చాచి రెండు కొసలూ కలిపి పక్కపక్కన పెట్టుకుంది. పెదవుల మీద నవ్వు వచ్చింది, మెల్లగా పోయింది. మళ్ళీ తిప్పింది. తర్వాత తలెత్తి నన్ను చూసింది.

"మా అమ్మది ఏది?"

నేను నవ్వబోయాను. ఆవిడ నవ్వడం లేదు. కళ్ళనిండా నీళ్ళున్నాయి.

"ఇది" అని చూపించాను.

"మీకెలా తెలుసు?"

"మీ అమ్మగారు రేక కొన దగ్గర దారం కొంచెం బిగించి లాగుతారు. ఇదిగో, చూడండి."

చాలాసేపు చూసింది. "నాకు కనపడటం లేదు" అంది. "నాకే కనపడకపోతే నా కూతురికి ఏం కనపడుతుంది? తేడా తెలియకూడదని నేనే అన్నాను. అప్పుడు పరాయిదిలా ఉంటుందేమోనని భయపడ్డాను. ఇప్పుడు అమ్మ ఎక్కడుందో తెలియడం లేదు."

 ఇన్నేళ్ళ పనిలో సరిపోలేదన్నవాళ్ళున్నారు, రంగు తేలిందన్నవాళ్ళున్నారు. ఇంత బాగా కలిసిపోయినందుకు ఏడ్చినవాళ్ళు లేరు. 

మునెమ్మ ఫ్రేమ్ దగ్గర్నుంచి లేచి వచ్చింది. "ఏమంటా ఉందక్కా ఆ యమ్మ? నా పని బాగలేదా?"

"బాగుందే. అదే గోడు. వాళ్ళమ్మది ఏదో, నీది ఏదో ఆనవాలు తెలీడం లేదంట."

మునెమ్మ నన్నొక్క చూపు చూసింది.  పసుపు ఉండి ఉంటే తెలిసేది కదా అన్న ఆ చూపే నన్ను పొడిచింది. దాచడం నావల్ల కాలేదు. నెర్మిన్‌కి మొత్తం చెప్పేశాను. పెళ్ళికూతురి బట్టకి పసుపు ఎందుకు పెడతామో, మునెమ్మ తన కొసకి మాత్రమే ఎందుకు పెట్టిందో, నేను రెండు రోజులు ఎండలో పెట్టి దాన్ని ఎలా పోగొట్టానో, అంతా.

ఆవిడ కోప్పడుతుందనుకున్నాను. కొత్త కొస మూలను వేళ్ళ మధ్య పట్టుకుని, "ఇక్కడా?" అంది.

"అక్కడే."

"ఎందుకు తీసేశారు?" అంది. ఆ గొంతులో నిష్టూరం లేదు, నిజంగా తెలియకే అడిగింది. తర్వాత మునెమ్మ వైపు తిరిగి, వేలితో మూలను తాకి చూపించి, "మళ్ళీ పెట్టు" అని సైగ చేసింది.

మునెమ్మ కదల్లేదు. "నువ్వు చెబితేనే పెడతానక్కా. లేకుంటే మళ్ళా తిడతావు."

"పెట్టవే తల్లీ, నీకు దణ్ణం పెడతాను" అన్నాను. కానీ పనిదాన్ని కదా, బుద్ధి ఊరుకోదు. నెర్మిన్‌తో, "పసుపు నిలవదు. నాలుగు సార్లు ఉతికితే, ఎండకి వేస్తే పోతుంది. ఆనవాలు కావాలంటే దారంతో పడాలి" అన్నాను.

మునెమ్మకి అదే మాట తెలుగులో చెప్పాను. ఆమె బీరువాలోంచి పసుపుపచ్చ సిల్కు ఏరుకుంది. ముందు వేలితో కాస్తంత పసుపు మూలకి తాకించి, కళ్ళకద్దుకుని, దాని మీదే ఒక చిన్న కుట్టు వేసింది. నువ్వుగింజంత. అది కూడా రెండు పక్కలా ఒకటే తీరుగా. నెర్మిన్ వంగి చూస్తూ కూర్చుంది.

"ఈమె పేరేమిటి?" అని అడిగింది.

ఇన్నిసార్లు వచ్చి పక్కన కూర్చుంది కానీ పేరు తెలీదు. నేనెప్పుడూ చెప్పలేదు.

"మునెమ్మ."

"మూ... నె..." నోరు తిరగలేదు. మునెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తనే ముందుకొచ్చి, చిన్నపిల్లకి చెప్పినట్టు, "ము నె మ్మ" అని విడివిడిగా చెప్పింది. ఆవిడ మళ్ళీ మళ్ళీ అంది, సరిగ్గా వచ్చేదాకా. వచ్చాక తువ్వాలు ఒక కొస పట్టుకుని "ఫెరీదె" అంది. అది వాళ్ళమ్మ పేరు. రెండో కొస పట్టుకుని "మునెమ్మ" అంది.

"నా కూతురికి ఇలాగే చెబుతాను. తను తన కూతురికి చెప్పాలి కదా, అందుకే నేర్చుకుంటున్నాను" అంది.

అంతే, మడతపెట్టుకుని వెళ్ళిపోయింది. వాళ్ళాయన పని ముగిసి ఆ ఎండాకాలానికే వాళ్ళ దేశం పోయారు. మళ్ళీ నేను ఆవిడను చూడలేదు.

ఈ పనిలోకి రావాలనుకునే ఆడపిల్లలు నన్ను అప్పుడప్పుడు అడుగుతుంటారు, ఏం నేర్చుకోవాలి మేడం అని. సూది, దారం, రంగు కలపడం ఎవరైనా నేర్పుతారు. నేను ఈ కేసులో నేర్చుకున్నది వేరు. ఇప్పుడు ఎవరైనా పాత బట్ట తెచ్చి, అతుకు తెలియకుండా కుట్టండి అంటే వెంటనే సరే అనను. "కలిసిపోవాలా, కనపడాలా? ఒక రోజు ఆలోచించుకుని రండి" అంటాను. చాలామంది ఇందులో ఆలోచించేదేముంది అన్నట్టు చూస్తారు. కొందరు మాత్రం బట్టను మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని కూర్చుంటారు.

ఇంకొకటి కూడా ఉంది. నెర్మిన్ మునెమ్మ పేరు అడిగేదాకా నా షాపు నుంచి ఎన్ని బట్టలు పోయాయో, ఎంతమంది పెళ్ళికూతుళ్ళు వేసుకున్నారో లెక్కలేదు. అన్నీ నా పేరుతోనే పోయాయి. సరోజక్క షాపులో కుట్టించాం అనేవాళ్ళు, నేను వింటూ మురిసిపోయేదాన్ని. నిజానికి వాటిలో నేను సూది పట్టినవి చాలా తక్కువ. ఇప్పుడు బట్ట చేతికిచ్చేటప్పుడు ఇది ఫలానా ఆమె కుట్టింది అని చెప్పి, ఆమెను పిలిచి పక్కన నిలబెడతాను. వినేవాళ్ళు వింటారు, లేనివాళ్ళు లేదు. ఎక్కడో టర్కీలో, మన ఊరు పేరు కూడా వినని ఒక అమ్మాయి ఇంట్లో, చుట్టాలకి చేతులు తుడుచుకోవడానికి తువ్వాలు అందిస్తూ అత్తిముగం మునెమ్మ పేరు చెబుతూ ఉంటుంది. హోసూరులో నేను చెప్పకపోతే ఎలా?